పొదుపు చేసిన నీరు ఎటు పోతోంది? మెట్ట ఊళ్లలో నీటి కట్టుబాట్ల గురించి ఒక ప్రశ్న

ప్రశ్న

అందరికీ నమస్కారం. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మెట్ట మండలాల్లో రైతు సంఘాలతో కలిసి పనిచేస్తున్నాను. కొంతకాలంగా నాకు అంతుపట్టని విషయం ఒకటి ఇక్కడ పెడుతున్నాను. వేరుశనగనే నమ్ముకుని ఏటా నష్టపోయిన ఊళ్లు చాలావరకు మారాయి. డ్రిప్పు వచ్చింది, పొలాల్లో నీటి కుంటలు తవ్వుకున్నారు, వాగుల మీద చెక్ డ్యాములు కట్టుకున్నారు, చీనీ (బత్తాయి), దానిమ్మ, మామిడి తోటలు పెరిగాయి. నీటిని పొదుపుగా వాడమని చెప్పినవారి మాట రైతులు వినలేదని ఎవరూ అనలేరు. అయినా నాలుగు మంచి వానలు పడిన ఏడాది పైకి వచ్చిన నీరు, ఆ తర్వాతి వేసవికే మళ్లీ కిందికి పోతోంది. ఎండిన బోరు పక్కనే ఇంకొకటి వేయడం, అదీ ఎండితే మరింత లోతుకు దించడం ఆగలేదు.

ఊరి పెద్దలు కొన్నిచోట్ల కూర్చుని కొత్త బోర్లు వేయకూడదని మాట అనుకున్నారు. ఆ మాట ఒక ఏడాది నిలిచింది, రెండో ఏడాది ఎవరో ఒకరు రాత్రికి రాత్రి రిగ్గు తెప్పించారు, దానితో అది అక్కడికి ముగిసింది. నా ప్రశ్నలు రెండు. ఇంత పొదుపు చేసినా నీరు ఎందుకు మిగలడం లేదు? ఊరంతా కలిసి చేసుకున్న కట్టుబాటు ఒకటి రెండేళ్లు కాక పదేళ్లు నిలిచిన చోట్లు ఉంటే, అక్కడ అది దేని వల్ల నిలిచింది? పథకాల పేర్ల జాబితా కంటే, పని ఎలా జరిగిందో తెలిసినవారు వివరంగా రాస్తే మేలు.

మొదటి సమాధానం

మీ మొదటి ప్రశ్నకు జవాబు రాతిలోనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మన సీమ నేల చాలావరకు గ్రానైటు, నైసు రాయి. పైన సుమారు ఇరవై, ముప్పై మీటర్ల దాకా శిథిలమైన మొరం పొర ఉంటుంది, దాని కింద గట్టి రాయి, ఆ రాయిలో అక్కడక్కడ పగుళ్లు. ఒకప్పటి దిగుడు బావులు బతికింది ఆ పై పొరలోని నీటితోనే. ఇలాంటి నేలలో నీరు పట్టే ఖాళీ మొత్తం ఘనపరిమాణంలో రెండు, మూడు శాతానికి మించదు. అంటే నీటిమట్టం ఒక మీటరు పైకి రావడానికి ఇరవై, ముప్పై మిల్లీమీటర్ల నీరు లోపలికి ఇంకితే చాలు. మంచి వాన ఏడాదిలో బోర్లు ఒక్కసారిగా కళకళలాడడానికీ, ఒక్క రబీ గట్టిగా వాడగానే ఆ కళ పోవడానికీ ఒకటే కారణం. చూసేవారికి అది సంపదలా కనిపిస్తుంది, నిజానికి నిల్వ చాలా తక్కువ.

ఒక లెక్క వేసి చూడండి. అనంతపురంలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. గట్టి రాతి నేలల్లో అందులో పదో వంతు భూమిలోకి ఇంకుతుందనుకుందాం, అంటే 55 మిల్లీమీటర్లు. వెయ్యి హెక్టార్ల వాగు పరిధిని, అంటే ఒక వాగులోకి వాన నీరు చేరే మొత్తం ప్రాంతాన్ని తీసుకుంటే ఏడాదికి లోపలికి చేరేది 5.5 లక్షల ఘనపు మీటర్లు. ఆరుతడి పంటకు, అంటే మడిలో నీరు నిలపకుండా అప్పుడప్పుడు తడిపే పంటకు, 500 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే, చుక్క మిగల్చకుండా తోడేసినా వెయ్యి హెక్టార్లలో 110 హెక్టార్లకు మించి పండదు. వరికి 1,200 మిల్లీమీటర్లనుకుంటే ఆ విస్తీర్ణం 46 హెక్టార్లకు పడిపోతుంది. వరి మడిలోంచి కొంత నీరు తిరిగి కిందికి దిగుతుందన్నది నిజమే కాబట్టి ఈ రెండో అంకెను కొంచెం సడలించుకోవచ్చు. తాగునీటికీ పశువులకూ పక్కన పెట్టాల్సిన వాటా ఇందులో ఇంకా తీయలేదు. మీరు పనిచేసే ఏ వాగు పరిధిలోనైనా బోర్ల కింద సాగవుతున్న భూమిని ఈ పక్కన పెట్టి చూస్తే, సమస్య పొదుపు దగ్గర లేదని, విస్తీర్ణం దగ్గర ఉందని తేలిపోతుంది.

ఇక డ్రిప్పు సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు 2003 నవంబరులో మొదలైంది. దాని వల్ల దిగుబడి పెరిగింది, కూలి ఖర్చు తగ్గింది, కరెంటు ఉన్న కొద్ది గంటల్లోనే చేనంతా తడిసింది. వీటిలో దేన్నీ నేను తక్కువ చేయను. కానీ కాలువ పారించిన రోజుల్లో వృథా అనుకున్న నీటిలో కొంత భాగం తిరిగి ఆ ఊరి బావుల్లోకే చేరేది. డ్రిప్పు వచ్చాక ఆ భాగం ఆగింది. రెండు ఎకరాలకు సరిపోయే నీటితో నాలుగు ఎకరాలు తడిపే వీలు దొరికినప్పుడు ఏ రైతయినా నాలుగు ఎకరాలే తడుపుతాడు, అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. మొక్క ఆవిరిగా వదిలిన నీరు ఇక వెనక్కి రాదు. కాబట్టి పొలం స్థాయిలో ఆదా అయిన నీరు ఊరి స్థాయిలో ఖర్చయిపోయింది. మోటారుతో తోడి నీటి కుంటను నింపుకోవడం ఇంకో తిప్పలు. మహారాష్ట్రలో ప్లాస్టిక్ పరిచిన కుంటలను బోరు నీటితోనే నింపుకోవడం విస్తృతంగా జరిగింది. భూమి లోపల ఎండ తగలకుండా ఉన్న నీటిని పైకి తెచ్చి ఎండబెట్టడమే దాని సారాంశం.

లోతు గురించి ఒక్క మాట. వెయ్యి అడుగుల బోరులో పడే నీరు కొత్త నీరు కాదు. లోతుకు వెళ్లే కొద్దీ పగుళ్లు తగ్గుతాయి, ఉన్న పగుళ్లు పై పొరతోనో పక్కవారి బోరుతోనో కలిసి ఉంటాయి. పైగా రాతితో ఎక్కువ కాలం కలిసి ఉన్న నీటిలో ఫ్లోరైడు ఎక్కువయ్యే అవకాశం ఉంది. నల్లగొండ ఈ బాధను ఎంతగా అనుభవించిందో చెప్పనక్కరలేదు.

అయితే ఈ రాతి నేలకు ఒక మేలు కూడా ఉంది, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. పంజాబులాంటి ఒండ్రు నేలల్లో ఒక ఊరు తోడడం మానేసినా ఆ ఫలితం విశాలమైన పొరలో కలిసిపోతుంది. ఇక్కడ నిల్వలు చిన్నవి, విడివిడిగా ఉంటాయి. ఒక వాగు పరిధిలోని వాళ్లు ఈ రబీలో తగ్గించుకుంటే వచ్చే వేసవిలో ఆ తేడా వాళ్ల బోర్లలోనే కనిపిస్తుంది. కట్టుబాటుకు ఇంత త్వరగా ప్రతిఫలం కనిపించే నేల మరొకటి లేదు.

రెండో సమాధానం

పై మిత్రులు విస్తీర్ణం అన్నారు. ఆ విస్తీర్ణాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో నిర్ణయిస్తారన్నదే మీ రెండో ప్రశ్నకు మూలం. కొత్త బోర్ల నిషేధం మీద మొదలైన కట్టుబాట్లు ఎక్కువగా విఫలం కావడానికి కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తుంది. బోరు ఉన్నవాడు ఏమీ వదులుకోడు, లేనివాడు మాత్రం శాశ్వతంగా వదులుకోవాలి. ఆ రాత్రి రిగ్గు తెప్పించినవాడు చాలాసార్లు ఊరి మీద కోపంతో కాక, నిన్నటి వరకు నీళ్లున్న తన బోరు ఎండిపోయిందన్న భయంతో తెప్పిస్తాడు.

దీనికి భిన్నంగా జరిగిన ప్రయత్నం మీ జిల్లాలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భ జల యాజమాన్య ప్రాజెక్టు 2003 నుంచి 2009 వరకు, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఆరు వందలకు పైగా గ్రామాల్లో నడిచింది. అక్కడ పనిని ఊరి సరిహద్దుతో కాక వాగు పరిధితో లెక్కించారు, ఎందుకంటే నీరు పంచాయతీ హద్దు చూసి ఆగదు. రైతులే, ఆడవారూ మగవారూ, వర్షమాపకం చూసి రాసుకున్నారు. పరిశీలన బోర్లలోకి టేపు దించి మట్టం కొలిచారు. ఎవరి బోరు ఎంత పోస్తోందో డ్రమ్ము పెట్టి, గడియారం చూసి లెక్కగట్టారు.

ఈ డ్రమ్ము లెక్కను కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఊళ్లో వాదన చాలావరకు ఇక్కడే తీరిపోతుంది. మన రైతులు బోరు నీటిని అంగుళాల్లో చెబుతారు, రెండంగుళాల నీళ్లు, మూడంగుళాల నీళ్లు అని. ఒకరి రెండంగుళాలు ఇంకొకరి రెండంగుళాలతో సమానం కాదు, అందుకే ఆ మాటల మీద పంపకం కుదరదు. రెండు వందల లీటర్ల డ్రమ్మును పైపు కింద పెట్టినప్పుడు అది వంద సెకన్లలో నిండితే సెకనుకు రెండు లీటర్లు వస్తున్నట్టు. రోజుకు ఏడు గంటలు నడిస్తే 50,400 లీటర్లు, అంటే ఒక ఎకరంలో పన్నెండు మిల్లీమీటర్ల పైచిలుకు ఎత్తున నీరు నిలిపినంత. వంద రోజులు అలాగే నడిస్తే ఆరుతడి పంట రెండున్నర ఎకరాలు దాటి పండదు. ఇది బయటి నుంచి వచ్చిన అధికారి నివేదికలోని అంకె అయితే రైతు నమ్మడు. తన బోరు దగ్గర, తన కళ్ల ముందు నిండిన డ్రమ్మును కాదనలేడు. ఆ బోరు నడుమనడుమ గాలి పోస్తూ గ్యాపు ఇస్తుంటే అదీ అందరి ముందే బయటపడుతుంది.

వానాకాలం ముగిశాక, రబీ విత్తనం కొనకముందే, ఈ కొలతలన్నీ కలిపి ఆ వాగు పరిధిలో ఎంత నీరు ఉంది, అందరూ వేయాలనుకుంటున్న పంటలకు ఎంత కావాలి అని సభలో లెక్క తేల్చేవారు. లోటు కనిపిస్తే ఏం చేయాలన్నది మాత్రం ఎవరి నిర్ణయం వారికే వదిలేశారు. నిషేధం లేదు, జరిమానా లేదు, తక్కువ నీటి పంట వేసినందుకు డబ్బూ లేదు. అయినా చాలా చోట్ల వరి విస్తీర్ణం తగ్గింది, తక్కువ నీటి పంటలు పెరిగాయి. ప్రపంచ బ్యాంకు 2010లో భారత భూగర్భ జలాల మీద వెలువరించిన అధ్యయనం దీన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది. లోటు తెలిసిన రైతు పరోపకారం కోసం పంట మార్చుకోలేదు. ఫిబ్రవరిలో ఎండబోయే వరికి అక్టోబరులోనే పెట్టుబడి పెట్టడం ఎందుకని మార్చుకున్నాడు. మొత్తం ప్రయత్నంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ కాలనిర్ణయమే. నారు పోశాక చెప్పే సలహాకు విలువ ఉండదు.

సమాచారం ఒక్కటే సరిపోతుందని మాత్రం నేను అనను. మహారాష్ట్రలోని అహిల్యానగర్, అంటే పాత అహ్మద్‌నగర్ జిల్లాలోని హివ్రే బజార్ ఇంకో దారి పట్టింది. అక్కడ 1989 ప్రాంతం నుంచి పోపట్‌రావ్ పవార్ నాయకత్వంలో గ్రామసభ నీటి ఆడిట్ చేసుకుంటూ వచ్చింది. సాగు కోసం బోరుబావులు వేయకూడదని, చెరకు, అరటి పండించకూడదని కట్టడి చేసుకుంది. వాన తక్కువైన ఏడాది ముందు తాగునీరు, తర్వాత పశువులు, ఆ తర్వాత ఒక పంట, ఇంకా మిగిలితేనే రెండో పంట. ఇక్కడ కొలత ఉంది, దాని వెనుక కట్టడి కూడా ఉంది. కొలత లేని కట్టడి తగాదాకు దారితీస్తుంది. కట్టడి లేని కొలత, ప్రాజెక్టు మనుషులు ఊరికి వచ్చినంత కాలమే నిలుస్తుంది. రెండూ ఒకే సభ చేతిలో ఉన్న చోట ఏళ్ల తరబడి సాగింది. ఉమ్మడి వనరులను జనమే కాపాడుకున్న తీరును దశాబ్దాలు పరిశీలించి 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రోమ్ కూడా దాదాపు ఇదే చెప్పారు. వాడుకునేవారే నియమం చేసుకోవాలి, వాడుకునేవారే నిఘా పెట్టాలి, మొదటి తప్పుకు చిన్న శిక్ష, మళ్లీ మళ్లీ చేస్తే పెద్ద శిక్ష ఉండాలి.

మూడో సమాధానం

పైన ఇద్దరూ రాసినదాంతో నాకు పేచీ లేదు. కానీ ఈ చర్చ మొత్తం బోరు ఉన్న రైతుల మధ్య చర్చలా సాగుతోంది. ఊళ్లో బోరు లేని రైతు, భూమి లేని కూలి, జీవాలు మేపుకునేవారు ఉన్నారు. కరవుకు ముందుగా దెబ్బతినేది వాళ్లే, కరవును తట్టుకోవడానికి ఊరు చేసిన మార్పుల వల్ల దెబ్బతినేదీ చాలాసార్లు వాళ్లే.

గొర్రెల కాపరుల సంగతే తీసుకోండి. వాన తక్కువైన సీమలో గొర్రె ఎప్పటి నుంచో పంటకు తోడుగా నిలిచిన జీవనాధారం. ఎండాకాలం మందలను తోలుకుని కోతలైన వరి ఆయకట్ల వైపు వెళ్తారు, రాత్రిళ్లు పొలాల్లో మంద కడతారు, ఆ ఎరువుకు రైతు ఎంతో కొంత ముట్టజెబుతాడు. ఇది సబ్సిడీ లేకుండా, ఒక్క బోరు వేయకుండా కరవును దాటే ఏర్పాటు. తోటల చుట్టూ కంచెలు పెరిగే కొద్దీ, బీడు భూములు సాగులోకి వచ్చే కొద్దీ, మందలు నడిచే దారులు మూసుకుపోతున్నాయి. ఏడాది పొడుగునా నీరడిగే తోట ఒకరికి స్థిరమైన ఆదాయం అయితే, అదే తోట ఇంకొకరు పోగొట్టుకున్న మేత పొలం. మనం దీన్ని లెక్కలోకి తీసుకోకుండా ఊరు కరవును ఎదుర్కొంటోందని రాసుకుంటే, ఏ ఊరి గురించి రాస్తున్నామో తెలియకుండా పోతుంది.

వలస కూడా ఇలాంటిదే. పాలమూరు కూలీలు, అనంతపురం కూలీలు దశాబ్దాలుగా పట్టణాలకు పోతున్నారు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలుకావడం యాదృచ్ఛికం కాదు. వలస పోయినవారు పంపే డబ్బుతో కొందరు నిలదొక్కుకుంటారు, కొందరు ఆ డబ్బునే తిరిగి బోరులో పోస్తారు. మగవారు వెళ్లిపోయిన ఇంట్లో సేద్యం, పశువులు, నీళ్లు మోయడం అన్నీ ఆడవారి మీద పడతాయి. కానీ నీటి సభలో పట్టా ఎవరి పేరిట ఉందో వారి మాటే చెల్లుతుంది.

కట్టుబాటు ఎందుకు నిలిచింది అన్నదానికి నా జవాబు ఇక్కడ ఉంది. బోరు లేనివారికి అందులో వాటా ఉన్నచోట అది నిలిచింది. పుణె జిల్లా పురందర్ తాలూకాలోని నాయ్‌గావ్‌లో 1972 కరవు తర్వాత విలాస్‌రావ్ సాలుంఖే మొదలుపెట్టిన పానీ పంచాయతీ నియమాలు చదవండి. నీటి హక్కును భూమితో ముడిపెట్టలేదు, మనుషులతో ముడిపెట్టారు. ఇంట్లో తలకు అర ఎకరానికి సరిపడే నీరు, ఒక కుటుంబానికి ఎంత భూమి ఉన్నా రెండున్నర ఎకరాలకు మించకూడదు. భూమి లేనివారికీ నీటి వాటా ఉంటుంది. భూమి అమ్మితే నీటి హక్కు దాని వెంట పోదు. చెరకు వేయకూడదు. ఎత్తిపోతల ఖర్చులో ఐదో వంతు సభ్యులే పెట్టుకోవాలి. ఇవి ఎంత పదునైన నియమాలో గమనించండి. పెద్ద రైతు నీరు కొనుక్కుని చిన్న రైతును బయటికి నెట్టే దారి మొదటిరోజే మూసేశారు.

మన దగ్గర ఇంత దూరం వెళ్లలేకపోయినా, ఆ దిశగా జరిగిన పని ఉంది. ఉమ్మడి మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో స్వచ్ఛంద సంస్థలు కొన్ని ఊళ్లలో ఉన్న బోర్లను పైపులైనుతో ఒకదానికొకటి కలిపాయి. బోరు ఉన్న రైతు తన నీటిలో కొంత భాగాన్ని బోరు లేని పొరుగువారి మెట్ట పంటకు ఒకటి రెండు తడులుగా ఇవ్వడానికి ఒప్పుకుంటాడు, అందరూ ఒప్పందం ఉన్నంత కాలం కొత్త బోరు వేయబోమని రాసుకుంటారు. బోరు ఉన్నవాడికి ఏమిటి లాభం అంటే, తన బోరు ఎండిపోయినా, మోటారు కాలిపోయినా గొలుసులోని మిగతా బోర్ల నుంచి నీరు వస్తుంది. పక్కవాడు కొత్త బోరు వేసి తన నీటిని లాక్కుంటాడన్న భయం కూడా పోతుంది. లేనివాడికి లాభం చెప్పనక్కరలేదు. వానాకాలం పంట గింజ కట్టే సమయంలో రెండు వారాలు వాన మొహం చాటేస్తే, ఆ ఒక్క తడితో పంట దక్కుతుంది. ఒక ఎకరం వరికి పోసే నీటితో ఎన్ని ఎకరాల మెట్ట పంటకు ఆ ఒక్క తడి ఇవ్వచ్చో మొదటి సమాధానంలోని అంకెలతో మీరే లెక్కించుకోవచ్చు. నిషేధం కంటే పంపకం ముందు రావాలన్నది నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారి మరో మాట

ముగ్గురికీ కృతజ్ఞతలు. రబీకి ముందు లెక్క తేల్చుకోవడం, పంపకాన్ని నిషేధం కంటే ముందు పెట్టడం, రెండూ మాకు పనికొచ్చే మాటలు. అయితే రెండు చిక్కులు మిగిలాయి. వరి, వేరుశనగలను ఒక రబీ మానుకోమని చెప్పవచ్చు, ఎనిమిదేళ్ల చీనీ చెట్టును ఈ ఏడాది మానుకోమని చెప్పలేం. అలాగే తోటల యజమానుల్లో కొందరు పట్టణాల్లో ఉంటారు, వారు గ్రామసభకు రారు. చట్టం వీటిలో దేనికైనా ఉపయోగపడుతుందా?

నాలుగో సమాధానం

చట్టం గురించి ముందు చెప్పి ముగిస్తాను, ఎందుకంటే దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోనవసరం లేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అనేది, కొత్త బోరుకు అనుమతి తప్పనిసరి చేసింది. తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు సాగు బోరును అడ్డుకునే వీలు కల్పించింది, నీరు అడుగంటిన ప్రాంతాలను ప్రకటించి అక్కడ కొత్త బోర్లను ఆపే అధికారం ఇచ్చింది. కాగితం మీద ఇది మంచి ఆయుధమే. కానీ రిగ్గు రాత్రి వచ్చి తెల్లారేలోపు వెళ్లిపోతుంది, దాన్ని ఆపాల్సిన అధికారి మండల కేంద్రంలో ఉంటాడు. ఊరు తన నియమం తాను చేసుకున్నాక, దాన్ని ధిక్కరించిన పట్టణవాసి మీద ఫిర్యాదు పెట్టడానికి ఈ చట్టం పనికొస్తుంది. ఊరు లేకుండా చట్టం ఒక్కటే ఏ బోరునూ ఆపలేదు. 2004 నుంచి సాగుకు ఉచిత విద్యుత్తు ఉంది కాబట్టి తోడకానికి ధర అనే పగ్గం కూడా లేదు. కరెంటు ఇచ్చే గంటలే ఇప్పుడున్న ఏకైక కట్టడి. గుజరాత్ 2003లో మొదలుపెట్టిన జ్యోతిగ్రామ్ పథకంలో వ్యవసాయానికి కరెంటు ఇచ్చే లైన్లను (ఫీడర్లను) వేరు చేసి గంటలకు పరిమితి పెట్టడం ఈ ఆలోచనతోనే.

పై నుంచి వచ్చే ఆజ్ఞ ఒకచోట ముడి విప్పి ఇంకోచోట ముడి వేయడం కూడా మనం చూశాం. పంజాబు 2009లో వరి నాట్లను జూన్ పదికి ముందు వేయకూడదని చట్టం చేసింది. మండే ఎండల్లో ఆవిరయ్యే నీరు ఆదా చేయాలన్న ఉద్దేశం సరైనదే. కానీ నాటు వెనక్కి జరిగితే కోతా వెనక్కి జరిగింది, గోధుమ విత్తడానికి మధ్యలో గడువు కుంచించుకుపోయింది, పొలంలోని గడ్డిని తగలబెట్టడం ఆ ఇరుకైన రోజుల్లోకి, గాలి కదలని చలికాలపు మొదట్లోకి వచ్చి పడింది. వరి కొనుగోలుకు భరోసా ఇచ్చే విధానాన్ని కదపకుండా నాటే తేదీని మాత్రం కదిపితే జరిగేది అదే.

ఇక తోటల సంగతి, ఇది నిజంగా కష్టమైనది. పొలం పంట అయితే వాన లేని ఏడాది వేయకుండా ఉండవచ్చు, చెట్టు ఆ వెసులుబాటును తీసేస్తుంది. అందుకే తోటలు పెరిగిన వాగు పరిధిలో కరవు ఏడాది గిరాకీ తగ్గడానికి బదులు పెరుగుతుంది, ట్యాంకర్లు పెట్టి చెట్లను బతికించుకోవాల్సి వస్తుంది. ఉన్న చెట్లను తీయమనడం అన్యాయం, ఎవరూ వినరు కూడా. నాకు తోచిన మార్గం ఏమిటంటే, సభలో మొదట తేల్చాల్సింది ఈ ఏడాది పంటల ప్రణాళిక కాదు, ఆ వాగు పరిధిలో చెట్ల కింద ఉండదగిన గరిష్ఠ విస్తీర్ణం. దాన్ని మంచి వాన ఏడాది లెక్కతో కాక, చెడ్డ ఏడాది భూమిలోకి ఇంకే నీటి లెక్కతో తేల్చాలి. ఇప్పటికే ఆ గీత దాటి ఉంటే, ఉన్నవి ఉంటాయి, ముదిరిన తోట తీసేసినప్పుడే దాని స్థానంలో మరొకటి వస్తుంది. ఈ నియమంతో ఇప్పటి తోట యజమానికీ లాభమే, ఎందుకంటే రేపు వచ్చే కొత్త తోట ముందుగా లాగేది అతని నీటినే. పట్టణంలో ఉన్న యజమాని సభకు రాకపోయినా అతని తోటను చూసుకునే మనిషి ఊళ్లోనే ఉంటాడు, డ్రమ్ము కొలత అతని బోరు దగ్గర కూడా పెట్టవచ్చు. అంకె బోర్డు మీద పడ్డాక అతను రాకుండా ఉండడని నా నమ్మకం.

మెట్ట పంటల వైపు కూడా కొంత బరువు మార్చాలి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన రైతు సాధికార సంస్థ ప్రోత్సహిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో వానకు ముందే నవధాన్యాల విత్తనాలను మట్టితో గుళికలు కట్టి చల్లి, నేలను పచ్చగా కప్పి ఉంచే పద్ధతి ఉంది. దానితో బోర్లు నిండిపోతాయని ఎవరైనా అంటే నమ్మకండి, కానీ కప్పి ఉంచిన నేల తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది, జీవాలకు మేత కూడా దొరుకుతుంది. మూడో సమాధానంలో అడిగిన మేత ప్రశ్నకు ఇది కొంతైనా జవాబు.

ఒక్క విషయంలో మీ ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం. హంద్రీ నీవా ఎత్తిపోతల పథకం ద్వారా శ్రీశైలం జలాశయం నీరు అనంతపురం వైపు వచ్చి కొన్ని చెరువులు నిండుతున్నాయి, వాటి కింది బోర్లలో మట్టం పెరుగుతోంది. ఆ నీటిని వాన నీటితో కలిపి ఒకే పద్దులో రాస్తే, కృష్ణకు వరద రాని ఏడాది ఆ లెక్క మొత్తం కూలిపోతుంది, ఈలోపు ఆ ధైర్యంతో నాటిన చెట్లు మాత్రం ఉంటాయి. ఎత్తిపోతల నీటికి వేరే పద్దు పెట్టండి, దాన్ని ఒక్క ఏడాది పంటలకే కేటాయించండి. కొలతలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, చెరువు కింద రెండు బోర్లు, చెరువుకు దూరంగా, ఎగువన రెండు బోర్లు ఎంచుకుని, అక్టోబరు సభకు ముందు వానాకాలమంతా పదిహేను రోజులకోసారి మట్టం రాయించండి. ఎగువ బోర్ల అంకెలే మీ అసలు నిల్వను చెబుతాయి.